రెండో ధర

నేను ఒక గుడారాన్ని. నన్ను కుట్టినవాళ్ళెవరూ కొండ ఎక్కి ఉండరు. కొన్నాయన మాత్రం ఎక్కుతానన్నారు. విశాఖలో బ్యాంకు మేనేజరు, సుదర్శనరావుగారు. డాబామీద నన్ను వేసి, లోపల కూచుని ఫోటో దిగి, జల్లు పడగానే తడిసినదాన్ని తడిసినట్టే చుట్టి అటకెక్కించారు. మనుషులకు కొండలంటే ప్రేమే, మోకాళ్ళే ఒప్పుకోవు.

కొన్నేళ్ళకు నన్ను నస్రీన్ కొట్టుకు తెచ్చారు. పాత ట్రెక్కింగు సామాను కొని అమ్ముతుందామె.

"ఒక్కసారే వాడానమ్మా. పన్నెండు వేలు పోశాను. పదికి తగ్గను."

నస్రీన్ నన్ను పెరట్లో నిలబెట్టి చెంబుతో నీళ్ళు పోసింది. కుట్టు వెంట బొట్లు బొట్లుగా లోపలికి కారాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

"వాడకపోయినా పాడవుతాయి సార్. తడిమీద మడిచారు, లోపలి పూత ఊడుతోంది. నాలుగు వేలిస్తాను. బాగుచేసి ఐదున్నరకు అమ్ముతాను."

ఆయన మొహం ముడుచుకున్నారు. లోపలికి చెయ్యిపెట్టి తడి చూసుకున్నారు. "సరేలే. నిజంగా కొండెక్కేవాళ్ళకివ్వమ్మా" అన్నారు మెల్లిగా.

నస్రీన్ నాకు కొత్త పూత పూసి, కుట్లు బిగించింది. ఆ వారమే అరకు వైపునుంచి పాంగి రుక్మిణి వచ్చింది. ఊరికొచ్చే యాత్రికులకు కొండమీద బస ఏర్పాటు చేద్దామని, కాఫీ గింజలమ్మిన డబ్బు కొంగున ముడేసుకొచ్చింది.

"ఇంత తక్కువా? ఏదో లోపముంటాది."

"ఉందక్కా" అంటూ నస్రీన్ కారినచోటు చూపించి, మళ్ళీ నీళ్ళు పోసింది. ఈసారి చుక్క దిగలేదు.

అంతలో పక్కన సామాను చూస్తున్న కుర్రాడు, "ఎనిమిది వేలిస్తాను, ప్యాక్ చేసేయండి" అన్నాడు. కొట్టు అద్దె కట్టాల్సిన వారమది. నామీదున్న నస్రీన్ చెయ్యి ఒక్క క్షణం బిగుసుకుంది.

"దీని ధర ఐదున్నరేనండీ. అక్క ముందొచ్చింది."

రుక్మిణివాళ్ళ కొండమీద నాలో మొదట బస చేసినవాళ్ళు కాకినాడ దంపతులు. మధ్యాహ్నమే మబ్బు కమ్మి కుండపోతగా కురిసింది. రుక్మిణి గొడుగేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"కారతందా అమ్మా?"

"లేదు! తడుస్తున్నారు, మీరూ లోపలికి రండి!"

ముగ్గురూ మోకాళ్ళు ముడుచుకుని నాలో కూచున్నారు. పైన వాన దరువేస్తుంటే రుక్మిణి కొండ కబుర్లు చెబుతోంది, వాళ్ళు నవ్వుతున్నారు. అటకమీద పడుకున్న ఏళ్ళన్నీ మరిచిపోయాను.

"వచ్చే నెల మావాళ్ళు ఇంకో నలుగురొస్తారు. చోటుంటుందా?" అందా కాకినాడ ఆవిడ.

"ఎందుకుండదూ!" అని, వాన వెలవగానే రుక్మిణి నస్రీన్‌కు ఫోన్ కలిపింది.

"చెల్లీ, ఇంకో రెండు కావాల. లోపాలు ముందు చెప్పు, ధర తరవాత."