ఎండు కమాను

పొల్ల కమాను పలకకపోవుడు బడి సార్లు జేసిన పని, పొల్లకు వాయించరాక కాదు. రేణుకమ్మ ఊర్ల ఎవ్వరడిగినా ఇదే చెప్పింది.

దీక్షిత ఆమె కొడుకు బిడ్డ, ఏడో తరగతి. బోధన్ల ఆ పిల్ల చదివే బడికి ఎవరో పదిహేను వయలిన్లు దానమిచ్చిండ్రు. పొద్దుమీకి బస్సు దిగుడు, సంచి మంచం మీద పడేసుడు, వయలిన్ గదుమ కింద పెట్టుకొని సా, పా, సా, పా అని రాకుడు. మొదట్ల బర్రె గూడ చెవులు ముడుసుకునేది.

తాత నర్సన్న నిజాంసాగర్ కాలువ మీద లష్కర్ ఉండె. ముప్పై ఏండ్లు తూములెత్తుకుంట, నీళ్లొస్తున్నయని గట్టు మీదికెళ్లి ఒర్రుకుంట తిరిగిండు. మొన్న ఎండకాలం మనిషి పోయిండు గని గొంతు ఇంట్లనే ఉండిపోయింది. కొన్నొద్దులు బిందెల ఉన్నది, కొన్నొద్దులు కూలర్ల. వయలిన్ వచ్చినంక అండ్ల జేరింది. పొల్ల కమాను లాగితే తీగ మీద నర్సన్న మాట్లాడేటోడు. పని పడ్డోళ్లు వచ్చి అడిగి పోయేటోళ్లు.

"బిడ్డా, మా మడికి నీళ్లెప్పుడో మీ తాతను జర అడుగు," అనేటోడు పక్కింటి సిద్దిరాములు.

దీక్షిత లాగేది. "శుక్రారం. గందాక పక్కోని తూము ముట్టకు, దొంగ," అనేది వయలిన్.

"సచ్చినా నోరు మారలే," అని నవ్వుకుంట పోయేటోడు.

కోస్తా నుంచొచ్చి భూమి కొనుక్కున్న పున్నయ్య గూడ చేతులు కట్టుకొని నిలవడేటోడు. "లష్కరు గారూ, మా చెరుకు ఎండిపోతందండీ."

అయితే లాగినకొద్ది గొంతు అరిగిపోతుండె. రేణుకమ్మ కనిపెట్టింది. కాలువకు పెట్టినట్టే వంతు పెట్టింది. రోజుకు నాలుగే లాగుళ్లు. మూడు ఊరికి, ఒకటి తనకు. తన వంతు రాంగనే కొంగు సదురుకొని కూసునేది. "తిన్నవా?" అనేటోడు నర్సన్న. గంతే. గా మాట కోసం దినమంత సూసేది.

"నాలుగిటితోని నాకెట్ల వస్తదే అవ్వా?" అన్నది పొల్ల.

"వస్తది తియ్."

రాలే. బడోళ్లు వెనుక వరుసల నిలవెట్టిండ్రు.

నిజామాబాద్ల వయలిన్ల జల్సా వారం ఉందనంగ పొల్ల మొఖం ముడుసుకొని వచ్చింది. "అవ్వా, నాకు రోజిన్ ఇయ్యలే."

"రోజన్ననా? ఏ ఊరాయన? నీకేం బాకి ఉన్నడు?"

పొల్ల నవ్వింది, నవ్వుకుంటనే ఏడ్సింది. రోజిన్ అంటే బంక గడ్డట. కమాను వెంట్రుకలకు రుద్దకుంటే తీగ మీద జారుతయట, సప్పుడు రాదట. వెనుక వరుస ఏడుగురి కమాన్లు సారు తుడిపిచ్చి, చెయ్యి ఊపుతె సాలన్నడట.

తెల్లారి రేణుకమ్మ బడికి పోయింది. భానుప్రసాద్ సారు కుర్చీ ఏసిండు. ఆమె కూసోలే.

"పిల్ల కమాను ఎందుకు ఎండవెట్టిండ్రు సారు?"

"ఫొటోల పదిహేను మంది కనపడాలమ్మా. ఎనిమిది మంది వాయిస్తే సాలు. మీ పాపకు ప్రాక్టీస్ లేదు."

"లేకుంటే నన్ను అను, నేనే వాయించనియ్యలే. గింతమంది ముంగట పిల్లను ఈగలు కొట్టుమంటవా?"

"ఒక్క రోజే కదమ్మా."

"నువ్వొక్క రోజు సప్పుడు లేకుంట పాఠం చెప్పు, సూస్త."

బస్సుల కూసున్నంక ఒక ఆలోచనొచ్చింది. కమాను ఎండుగుంటే నర్సన్న అరుగడు. ఏండ్లకేండ్లుంటడు. గా ఆలోచనకు లోపల జర సల్లగైంది, సల్లగైనందుకే తన మీద తనకు మంట లేసింది. సారుకు, నాకు ఏం తేడా అనుకున్నది.

ఇంటికొచ్చి, దేవుని గూట్ల పొగేసే గుగ్గిలం గడ్డ తీసి పొల్ల చేతిల పెట్టింది. "రుద్దు. నీ ఇష్టమొచ్చినంత వాయించు. ఇగ వంతు లేదు."

జల్సా దాక పొల్ల వయలిన్ దించలే. "తూమెత్తినట్టు మెల్లగ గుంజు. వంకర పోకు," అని నేర్పిండు నర్సన్న. దినాం దినాం గొంతు దారమంత సన్నగైంది. రేణుకమ్మ చెవులు మూసుకోలే.

జల్సనాడు సారు చెయ్యెత్తిండు. వెనుక ఆరు కమాన్లు ఉత్తగ ఊగినయి, ఏడోది పలికింది. నిండు సా. ముంగటి ఎనిమిది మంది ఆగి వెనుకకు మళ్లి సూసిండ్రు. నర్సన్న ఏం మాట్లాడలే, గా ఒక్క సుతిల నిలవడ్డడు.

"ఎవరా పాప? ముందుకు రమ్మనండి," అన్నరు కుర్చీలల్ల పెద్దోళ్లు.

సారుకు పిలువక తప్పలే. పొల్ల కదలలే. జేబుల గుగ్గిలం తీసి, ఆరు ముక్కలు కొట్టి, పక్కోళ్లకు పంచింది. వాళ్లు రుద్దుకునేదాక హాలంత కూసున్నది. మళ్ల మొదలువెట్టిండ్రు, పదిహేను మంది.

ఆఖరి బస్సుకు ఇంటికొచ్చిండ్రు. పొల్ల వయలిన్ పక్కల పెట్టుకొనే పండుకున్నది.

తెల్లారేసరికి నర్సన్న లేడు.