బస్సు కదిలే వేళ తుమ్ము

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు, మార్కాపురం నుంచి కంభం, గిద్దలూరు మీదుగా కొమరోలు పోయే ప్రైవేటు బస్సులో వరప్రసాదం కండక్టరుగా చేరాడు. అతనిది తర్లుపాడు దగ్గర ఒక పల్లె. తండ్రి కూలికి పోతూనే కొడుకును మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివించాడు. ఖాకీ చొక్కా వేసుకుని, మెడలో విజిల్ తగిలించుకుని బస్సు మెట్టు మీద నిలబడితే భార్య సంతోషమ్మ కంటికి అతను కలెక్టరుకేమీ తీసిపోయేవాడు కాదు.

చిక్కంతా వానలు వెనకబట్టాక మొదలైంది. గట్ల మీద గడ్డి పూతకొచ్చే రోజుల్లో వరప్రసాదానికి చిన్నప్పటి నుంచీ తుమ్ములే. జ్వరం ఉండదు. ముక్కు కారుతుంది, కళ్లు దురద పెడతాయి, నెలో నెలన్నరో ఉండి దానంతట అదే పోతుంది. పొలం పనిలో ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బస్సులో అట్లా కుదరలేదు. పొద్దున్నే జనం ఎక్కి కూర్చుంటారు, డ్రైవరు కాటమరాజు ఇంజను స్టార్టు చేస్తాడు, వరప్రసాదం విజిల్ నోటి దగ్గరికి తీసుకుంటాడు. సరిగ్గా అప్పుడే తుమ్ము వస్తుంది.

బయలుదేరేటప్పుడు తుమ్మితే వెళ్లిన పని కాదని సగం బస్సు దిగిపోయేది. పక్కన టీ కొట్టులో మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ ఎక్కేవాళ్లు. వాళ్లు ఎక్కేసరికి అతనికి ఇంకోటి వచ్చేది.

బస్సు యజమాని రంగనాయకులు కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒకరోజు వరప్రసాదాన్ని పక్కకు పిలిచాడు.

"ప్రసాదం, నీ మీద నాకు కోపం లేదు. నువ్వు నమ్మకస్తుడివి. కానీ నా బండి ఎనిమిదింటికి పోవాల్సింది తొమ్మిదైనా ఈడే ఉంటే జనం రైలెక్కి పోతారు. ఆ తుమ్ములకు ఏదన్నా మందు చూసుకో. లేకుంటే షెడ్డులో పని ఇస్తా, బండి మీద ఇంకొకణ్ణి పెట్టుకుంటా."

మర్నాడు బస్సు బయలుదేరే ముందు వరప్రసాదం బజారులో వీరభద్రయ్య మందుల షాపుకు పరుగెత్తాడు. వీరభద్రయ్య తీరిక మనిషి. అడిగిందొక్కటే ఇచ్చి పంపే అలవాటు లేదు. బల్ల మీద మూడు రకాలు పేర్చాడు.

"ఇది ఘాటు బామ్. ముక్కు కింద రాసుకుంటే హాయిగా ఉంటది గానీ తుమ్ము ఆగదు. ఇవి ముక్కులో చుక్కలు. బిగుసుకున్న ముక్కు తెరుచుకుంటది, కానీ మూడు నాలుగు రోజులకు మించి వేసుకుంటే మొదటికన్నా ఎక్కువ బిగుస్తది. ఈ తెల్ల బిళ్ల తుమ్ముకూ దురదకూ రెంటికీ పనిచేస్తది. నిద్ర మాత్రం తెస్తది. ఇంతకీ నువ్వు చేసే పనేంది?"

బస్టాండులో హారన్ మోగింది. "ఆ బిళ్లలే ఇయ్యండి సెట్టిగారూ" అని అందుకుని, పని సంగతి చెప్పకుండానే వరప్రసాదం వెనక్కు పరుగెత్తాడు. టీతో ఒక బిళ్ల మింగాడు.

ఆ రోజు తుమ్ము రాలేదు. బస్సు ఎనిమిదింటికే కదిలింది. ఊరు దాటాక కాసేపు కూర్చుందామని వరప్రసాదం వెనక సీటులో ఎవరిదో శనక్కాయల మూట మీద తల ఆనించాడు. అంతే. తర్లుపాడులో దిగాల్సినవాళ్లు విజిల్ వేయమని భుజం పట్టి ఊపారు. కేకలు పెట్టారు. ఇంజను మోతలో కాటమరాజుకు ఏమీ వినిపించలేదు. పాపం, వాళ్లు తర్వాతి ఊరి దాకా పోయి, ఎండలో వెనక్కు నడిచారు. గిద్దలూరు దాకా టిక్కెట్లు అడిగినవాళ్లందరికీ గురకే సమాధానమైంది.

"తుమ్మితే బండి కదల్లేదు, నిద్రపోతే బండి ఆగలేదు. ఏదో ఒకటి తేల్చుకో అన్నా" అన్నాడు కాటమరాజు సాయంత్రం, నవ్వాపుకోలేక.

వరప్రసాదానికి నవ్వు రాలేదు. ఇంట్లో అన్నం దగ్గర జరిగిందంతా చెప్పాడు. సంతోషమ్మ, "పోనీ, షెడ్డులో పనే చేద్దువులే. జీతం జీతమే కదా" అంది.

"షెడ్డులో మనుషులు యాడుంటారు? నాకు రోజూ నాలుగు మొహాలు కనపడకుంటే తోచదు" అన్నాడతను.

మర్నాడు బిళ్ల వేసుకోలేదు. విజిల్ తీశాడో లేదో తుమ్మాడు. జనం బిలబిలమని దిగిపోయారు. ముందు సీటులో ఒక ముసలావిడ మాత్రం మూట ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. కిరాణా దుకాణం వాళ్ల సుబ్బలక్ష్మమ్మ.

"దిగవా అవ్వా?"

"నా బిడ్డ హైమావతి గిద్దలూరు ఆస్పత్రిలో నొప్పులు పడతాంది నాయనా. నాకు నీళ్లు తాగేంత తీరిక లేదు. నీ ముక్కు దురద పెట్టింది, తుమ్మినావు. దానికీ నా బిడ్డ కాన్పుకూ ఏంది సంబంధం? పోనీ బండి." కిటికీలోంచి కింద ఉన్నవాళ్లతో, "మీరు నిదానంగా తాగి రేపు రాండి. మేం పోతున్నాం" అంది.

కాటమరాజు వెనక్కి తిరిగి చూసి గేరు వేశాడు. కిందివాళ్లు గ్లాసులు పెట్టేసి పరుగెత్తి ఎక్కారు. వరప్రసాదం దారి పొడుగునా తుమ్ముతూనే, కంభంలో ఎక్కువసేపు ఆగనివ్వకుండా తొందరపెట్టి, గిద్దలూరులో ఆస్పత్రి గేటు ముందే బస్సు ఆపించాడు. ఆవిడ మూట తనే మోసుకెళ్లి లోపల పెట్టి వచ్చాడు.

ఆ సాయంత్రం మళ్లీ మందుల షాపుకు పోయి, ఈసారి తీరిగ్గా నిలబడి అంతా చెప్పాడు. వీరభద్రయ్య శ్రద్ధగా విన్నాడు.

"జ్వరం లేదు, ఆయాసం లేదు, ఏటేటా ఇదే కాలం. ఇది జలుబు కాదయ్యా, పూత దుమ్ము నీకు పడదు. బిళ్ల మంచిదే, నువ్వేసుకున్న వేళ మంచిది కాదు. రాత్రి పడుకునే ముందు వేసుకో. పొద్దున మత్తుగా ఉంటే సగమే వేసుకో. చుక్కలు నీకొద్దు. గోరువెచ్చని ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కో, కాచి చల్లార్చిన నీళ్లే సుమా. చేల మధ్య పోయేటప్పుడు తడి గుడ్డ ముక్కుకు కట్టుకో. ఆయాసం గానీ వచ్చిందంటే నా దగ్గరికి రావద్దు, డాక్టరు దగ్గరికి పో."

నాలుగు రోజులకు తుమ్ములు బాగా తగ్గాయి. విజిల్ వేళకు మోగింది. రంగనాయకులు షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు.

పురుడు వెళ్లాక సుబ్బలక్ష్మమ్మ గిద్దలూరులో బస్సెక్కింది. మనవరాలు పుట్టిందనీ, తల్లీబిడ్డా కులాసా అనీ, అంతా ఈ అబ్బాయి తుమ్మిన వేళావిశేషమనీ బస్సంతా వినేలా చెప్పింది. ఆ మాట బస్సుకన్నా ముందే మార్కాపురం చేరినట్టుంది. రెండ్రోజుల్లోనే ఒక రైతు మెట్టు దగ్గర నిలబడి, "కోర్టు పని మీద పోతున్నా ప్రసాదం. ఒక్క తుమ్ము తుమ్మరాదా" అని బతిమాలాడు. వరప్రసాదం మొహమాటపడి, సూర్యుడి వైపు చూసి, ముక్కు నలిపి ప్రయత్నించాడు కూడా. రాలేదు.

రంగనాయకులు అది చూస్తూ గంభీరంగా, "ఆ బిళ్లలు ఒక నాలుగు రోజులు ఆపితే ఎట్లుంటది?" అన్నాడు.

"వద్దయ్యా. ఇప్పుడిప్పుడే రాత్రిళ్లు నిద్ర పడతాంది" అన్నాడు వరప్రసాదం.

రైతు నిట్టూర్చి సీటులో కూర్చున్నాడు. మళ్లీ కూతురి దగ్గరికి పోతూ ఆ వెనకే ఎక్కిన సుబ్బలక్ష్మమ్మ కొంగున కట్టుకొచ్చిన సున్నుండ తీసి వరప్రసాదం చేతిలో పెట్టింది. అతను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నెయ్యి, వేయించిన మినుములు, కొంచెం ఏలక్కాయ. అన్నీ విడివిడిగా తెలిశాయి. నవ్వుకుంటూ సగం తుంచి కాటమరాజుకు అందించాడు.