గుమ్మం ముందు అరవై జతలు

ప్రొద్దుటూరులోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ రెండో అంతస్తులో ఉంది. లోపలికి వెళ్లాలంటే చెప్పులు విడవాలి. దుమ్ము పడితే యంత్రాలు పాడవుతాయని ప్రిన్సిపాల్ రాజశేఖర్ గారి కట్టుదిట్టమైన నియమం. అందువల్ల ఉన్న ఒక్క గుమ్మం ముందు రోజూ అరవై జతల చెప్పులు కుప్పగా పడి ఉండేవి. ఆయా హజరాబీ తొమ్మిదేళ్లుగా వాటిని జతలు కలిపి సర్దుతూనే ఉంది. చూసినవాళ్లు ఎంత క్రమశిక్షణో అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు వెనుక ఎంత ముప్పు ఉందో ఎవరికీ తోచలేదు.

జనవరిలో అగ్నిమాపక కేంద్రం అధికారి నారాయణ గారు వచ్చి, మంటలు లేస్తే ఎలా బయటపడాలో సాధన చేయించారు. గంట మోగింది. నిమిషంలో దిగాల్సిన అమ్మాయిలకు ఐదు నిమిషాలు పట్టింది. ఎందుకో తెలుసా? ప్రతి ఒక్కరూ గుమ్మంలో ఆగి తమ చెప్పులు వెతుక్కున్నారు! ముద్దనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే జువేరియా మరీను. కువైట్ నుంచి వాళ్ల నాన్న పంపిన శాండల్స్ కోసం వంగింది. వెనుకవాళ్లు వచ్చి మీద పడ్డారు. చేయి నలిగింది. అందరూ నవ్వేశారు, ప్రిన్సిపాల్ గారితో సహా.

హజరాబీకి మాత్రం నవ్వు రాలేదు. నేరుగా ఆయన గదికి వెళ్లింది.

"ఏంది సార్, నగుతాండారు? అది నిజం మంట అయింటే ఆ బిడ్డ ఈపొద్దు ఇంటికి పోయేదా? ఆ చెప్పులు వాకిట్లోనుంచి తీపిచ్చండి. వరండా ఆ కొసకు స్టాండు పెట్టిచ్చండి."

"అంత దూరం నుంచి ఒట్టికాళ్లతో నడిస్తే దుమ్మంతా లోపలికే కదా, హజరాబీ?"

"దుమ్మొస్తే నేను ఊడుస్తా సార్. పొగొస్తే ఎవరు ఊడుస్తారు?"

పెద్ద చదువులు చదివినవారికి ఆయా మాట వినడం కొంచెం కష్టంగానే ఉంటుంది. అయినా మర్నాడే మెట్లకు దూరంగా, వరండా కొసన చెప్పుల స్టాండు వెలిసింది. అంతటితో హజరాబీ ఊరుకుందా? ప్రతి శనివారం గంట కొట్టించి, అమ్మాయిలను ఒట్టికాళ్లతో మైదానంలోకి దింపించేది. "కాళ్లు కాల్తాండాయి ఆయమ్మా!" అని వాళ్లు గోల చేస్తే, "కాల్నీ, కాళ్లే కదా" అనేది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ల్యాబ్ మూలనున్న యూపీఎస్ బ్యాటరీల నుంచి గుప్పున పొగ లేచింది. గంట మోగింది. అమ్మాయిలు వరసగా బయటికి వచ్చి మెట్ల వైపు తిరిగారు. జువేరియా మాత్రం ఒక్క క్షణం వరండా కొస వైపు చూసింది.

"ఖాలా, నా శాండల్స్..." అంది, గుమ్మం దగ్గరున్న హజరాబీని పిన్నీ అన్నట్టు పిలుస్తూ.

"మీ అబ్బా అవి మల్లా పంపిస్తాడు. నిన్ను యాడ తెచ్చుకుంటాడు? పా!"

జువేరియా పరుగెత్తింది. హజరాబీ లోపల ఎవరూ లేరని చూసుకుని, తలుపు మూసి, చివరగా దిగింది. యాభై సెకన్లు! మండే మైదానంలో ఒంటికాలి మీద గెంతుతూనే అరవై మందీ పేరు పిలవగానే పలికారు. ఒక్క పేరూ తప్పలేదు. జువేరియా హజరాబీని కావలించుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

ఫైరింజను వచ్చి మంటలార్పేసరికి సగం ల్యాబు కాలిపోయింది. నారాయణ గారు మసి ముఖంతో దిగి వచ్చారు. "చెప్పులన్నీ పైన ఉండాయి, పిల్లోళ్లందరూ కింద ఉండారు. నా నౌకరీలో ఇంత మంచి మాట ఎప్పుడూ చెప్పలేదు!" అనగానే మైదానమంతా చప్పట్లతో దద్దరిల్లింది.

రాజశేఖర్ గారు తన బూట్లు విప్పి, ఆ వేడి నేల మీద అమ్మాయిల మధ్య నిలబడ్డారు.

"ఆ రోజు నేను నవ్వాను. హజరాబీ నవ్వలేదు కాబట్టి మీరంతా ఇక్కడున్నారు. యంత్రాల కోసం పెట్టిన నియమం మనుషుల దారికి అడ్డమైతే, మార్చాల్సింది ఆ నియమాన్నే. తలుపు ముందున్న నాలుగడుగుల ఖాళీ నేల మన ప్రాణం. అక్కడ ఏదీ పెట్టకండి, ఒక్క చెప్పుల జతైనా సరే!"