డ్రాఫ్టులో వచ్చిన పిల్ల

సీజను ముగిసిన కొద్ది రోజులకు బెర్నడీన్ ఓకీఫ్ కిర్రిలీని క్లబ్బుకు పిలిపించింది. వచ్చాక ఆఫీసులోకి తీసుకెళ్ళకుండా, "పద, మైదానం చుట్టూ ఒకసారి తిరిగొద్దాం" అంది. ఆ మాటతోనే కిర్రిలీకి సంగతి అర్థమైపోయింది. జట్టులో ఎవరుండాలో ఎవరు పోవాలో తేల్చేది బెర్నడీనే. ఉంచుకోదలచుకున్నవాళ్ళను కుర్చీ వేసి కూర్చోబెడుతుంది. పంపించదలచుకున్నవాళ్ళను నడిపిస్తుంది.

"వచ్చే ఏడాదికి నీకు చోటివ్వలేకపోతున్నాం, కిర్."

"మోకాలి వల్లేనా?"

"మోకాలూ ఉంది, వయసూ ఉంది. కొత్తవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో ఒక పొడుగు పిల్ల కనబడుతోంది. మన వంతు వచ్చేదాకా మిగిలితే తీసుకుంటాం."

"మిగలకపోతే?"

"మిగలకపోయినా నీ సంగతి ఇంతే."

కిర్రిలీ నవ్వింది. "ఇంత నిజం చెప్పమని నిన్నెవరడిగారే?"

ఆడవాళ్ళకు ఫుటీ, అంటే ఆస్ట్రేలియా తరహా ఫుట్‌బాల్, పోటీలు పెట్టిన తొలి ఏడాది నుంచీ కిర్రిలీ ఆ క్లబ్బులోనే ఉంది. ఆమెది రక్ స్థానం. అంపైరు బంతిని పైకి వేయగానే అవతలి జట్టు పొడగరితో ఒళ్ళూ ఒళ్ళూ రాసుకుంటూ ఎగిరి, బంతిని తనవాళ్ళ చేతికందేలా తట్టాలి. పేపర్లో పేరు పడే పని కాదు. పక్కటెముకలకు దెబ్బలు తగిలే పని. మిగతా రోజుల్లో ఆమె మెల్‌బోర్న్ పడమటి శివార్ల లోకల్ రైళ్ళు నడుపుతుంది. డ్యూటీలు సర్దుకుని, సెలవులన్నీ ఆటకే పోసి, ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది. మైదానం చుట్టూ ఆ నడక పూర్తయ్యేసరికి అదంతా అయిపోయింది.

డిసెంబరులో డ్రాఫ్టు జరిగింది. క్లబ్బులన్నీ వంతులవారీగా కొత్త ఆటగత్తెల పేర్లు పిలుస్తుంటే, పిలుపందుకున్న పిల్లలు ఏడుస్తూ తల్లుల్ని కావలించుకుంటుంటారు. చూడనే కూడదనుకుంది కిర్రిలీ. కానీ డిపో క్యాంటీన్లో, రెండు రైళ్ళ మధ్య దొరికిన ఖాళీలో, ఫోన్ తెరిచి చూసింది. పొడుగు పిల్ల మిగిలింది. టార్నీ హిస్కట్, కింగ్ ఐలండ్. కిర్రిలీ ఫోన్ జేబులో పెట్టేసి చల్లారిన మాంసం కూరిన రొట్టె పూర్తిగా తిని, ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళింది.

అక్కడ జూన్‌లో మొదలయ్యే చలికాలానికి ముందర బెర్నడీన్ మళ్ళీ ఫోన్ చేసింది. శిక్షణ మొదలవుతోంది, ఆ ద్వీపం పిల్లకు ఊళ్ళో ఎవరూ లేరు, ఉండడానికి ఇల్లు కావాలి. గతంలో బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ఇద్దరు ఆటగత్తెలు కిర్రిలీ ఇంట్లోనే ఉండి వెళ్ళారు.

"ఆ పిల్ల కోసం నన్నే అడుగుతున్నావా?"

"నీ ఇంట్లో ఉన్నవాళ్ళు తిండికీ నిద్రకీ లోటు లేకుండా ఉన్నారు. నాకు కావాల్సింది అదే. వద్దంటే వద్దను, ఏమీ అనుకోను."

వద్దనే అనబోయింది కిర్రిలీ. తీరా నోరు విప్పితే, "శనివారం నాకు పగలు డ్యూటీ ఉంది, ఆదివారం రమ్మను" అనేసింది. ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు.

టార్నీ ఒక చేత్తో బట్టల సంచీ, ఇంకో చేత్తో ఐసు పెట్టె పట్టుకుని వచ్చింది. పెట్టెలో వాళ్ళ నాన్న పంపిన లాబ్‌స్టర్లు. మంచి పొడగరి. గుమ్మానికి తల తగలకపోయినా వంగే లోపలికొచ్చింది. తండ్రి రూబెన్ తుఫాను తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చే సముద్రపు నాచును వించితో, అంటే తాడు చుట్టే యంత్రంతో, లాగి, లారీకెక్కించి, అమ్ముతాడు. తల్లి ఎప్పుడో విడిపోయి క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయింది. ఆ ద్వీపంలో ఉన్నవి మూడే జట్లు, అన్నీ మగవాళ్ళవే. టార్నీ చిన్నప్పుడు మగపిల్లల్లో ఆడేది. ఈడొచ్చాక ఇక కుదరదన్నారు. అప్పట్నుంచి వారం వారం చిన్న విమానమెక్కి సముద్రం అవతల టాస్మేనియాలోని బర్నీ వెళ్ళి అక్కడి ఆడపిల్లల జట్టులో ఆడింది. బెర్నడీన్ కంట పడింది అక్కడే.

"మా ఊళ్ళో అందరికీ నేను తెలుసు. ఇక్కడ పక్కింటావిడ పేరడిగితే భయపడిపోయింది" అంది మొదటి రోజే.

"ఆవిడ నన్ను చూసినా భయపడుతుందిలే. తిను" అంది కిర్రిలీ.

క్లబ్బుకెళ్ళిన తొలి రోజు సాయంత్రం టార్నీ వంటింట్లోకి వచ్చి, భుజం మీది సంచీ దించకుండా అలాగే నిలబడింది.

"నిన్ను తీసేసి ఆ చోట్లోనే నన్ను తీసుకున్నారట. బట్టలు మార్చుకునే గదిలో నాకిచ్చిన బీరువా కూడా నీదేనట. నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి?"

"వేరే ఇల్లు వెతుక్కునేదాన్ని."

"అందుకే చెప్పలేదు. ఆ ఉల్లిపాయలు తరిగిపెట్టు."

టార్నీ ముక్కు చీదుకుంటూ ఉల్లిపాయలు తరిగింది. ఇద్దరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ చలికాలం కిర్రిలీ శనివారాల్లో ఒక శివారు జట్టుకు ఆడింది. చూసేవాళ్ళు కొద్దిమందే, వాళ్ళలోనూ సగం మంది కుక్కల్ని తిప్పడానికి వచ్చినవాళ్ళు. టార్నీ మాత్రం క్లబ్బు శిక్షణలో, పెద్ద మైదానంలో పెద్దవాళ్ళ చేత దెబ్బలు తింటోంది. బలం ఉంది, ఎగరగలదు. కానీ ఎగిరే ముందు అవతలిదాన్ని తుంటితో ఎలా జరపాలో ఇంకా తెలియదు. కోచ్ అరుస్తుందని చెప్పేది మొదట్లో. తర్వాత చెప్పడం మానేసింది. తర్వాత మాటలే తగ్గిపోయాయి.

జూలైలో ద్వీపం నుంచి ఫోన్ వచ్చింది. చేసింది తండ్రి కాదు, అక్కడి కొట్టావిడ. రూబెన్ చెయ్యి వించి తాడులో పడి రెండు వేళ్ళు పోయాయి. జరిగి అప్పటికే చాలా రోజులైంది. కూతురికి చెప్పొద్దని ఊరందరి దగ్గరా మాట తీసుకున్నాడు, కొట్టావిడ ఆపుకోలేకపోయింది. క్లబ్బు వాళ్ళు టార్నీకి కొన్నాళ్ళు సెలవిచ్చి పంపారు. వెళ్ళి వచ్చిన పిల్ల తిండి ముట్టదు, గది దాటి రాదు. శిక్షణకు వెళ్తుంది, వస్తుంది, తలుపేసుకుంటుంది.

సరిగ్గా అప్పుడే బెర్నడీన్ డిపోకి ఫోన్ చేసింది.

"ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావా?"

"ఎందుకు?"

"ఆ పిల్ల నిలబడేలా లేదు. తనంతట తాను ఇంటికి వెళ్ళిపోతే, సీజను మొదలయ్యేలోగా బదులు ఒకరిని తీసుకోవచ్చు. నా మనసులో ఉన్నది నువ్వే. ఇప్పుడు వేరే పొడగరి దొరకదు."

కిర్రిలీకి ముందు కలిగింది సంతోషమే. సిగ్గు తర్వాత వచ్చింది, అదీ కాస్త ఆలస్యంగా.

ఆ రోజు నుంచి సొంత ఇంట్లో ఎలా మసలుకోవాలో ఆమెకు తెలియకుండా పోయింది. పిల్లకు ఇష్టమని సూపు కాస్తే, తన మంచితనం తనకే చూపించుకోవడానికి కాస్తున్నట్టుండేది. పలకరించకుండా ఊరుకుంటే, మెల్లిగా బయటికి తోస్తున్నట్టుండేది. తెల్లవారుజామున వాగు వెంట పరుగుకు వెళ్ళేటప్పుడు బూట్లు చేత్తో పట్టుకుని, గేటు దాటాక తొడుక్కునేది. ఒక పొద్దున టార్నీ కాఫీ కప్పు ముందు పెట్టుకుని, "నువ్వైతే ఏం చేసేదానివి? ఉండేదానివా, వెళ్ళిపోయేదానివా?" అని అడిగింది. "నాకు రైలు టైమవుతోంది" అని కిర్రిలీ బయటపడింది. రైలుకు ఇంకా చాలా టైముంది.

ఆ వారాంతంలో రూబెన్ చెప్పాపెట్టకుండా దిగాడు. ఎండకూ ఉప్పుగాలికీ కందిపోయిన మొహం, ఎడమ చేతికి కట్టు. వంటింటి బల్ల ముందు కూర్చుని టీ తాగాడు. కూతురు ఎదురుగా కూర్చుంది, కిర్రిలీ సింకు దగ్గర నిలబడింది.

"నా చెయ్యి సంగతి నేను చూసుకుంటా. వించి దగ్గర పెట్టుకోవడానికి మనిషిని మాట్లాడా. నువ్విక్కడే ఉండు బుజ్జీ."

"ఆ మనిషి ఎవరో చెప్పు చూద్దాం."

"ఎవరో ఒకరు."

"అంటే ఎవరూ లేరు. నీకు అబద్ధం చెప్పడం రాదు నాన్నా. కొట్టావిడకు నాకంటే ఎక్కువ తెలుసు నీ గురించి."

"చెయ్యి కాదు విషయం. ఇన్నేళ్ళు విమానాలెక్కించింది మళ్ళీ నాచు లాగించడానికా? ఊరంతా నీ ఆట చూడాలని కాచుక్కూర్చున్నారు."

"ఊరంతా చూస్తారు. దెబ్బలు తినేది నేను" అంది టార్నీ. "ఇక్కడ నాకు నిద్ర పట్టదు. ఆట మీద మనసు పోయిందో, నీ మీద బెంగో, నాకే తెలియడం లేదు."

రూబెన్ కిర్రిలీ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. నీ మాట వింటుంది. ఉండమని ఒక్క మాట చెప్పు."

కిర్రిలీ చేతులు తుడుచుకుంది. ఉండమంటే ఆ పిల్ల ఉంటుంది. బహుశా మంచి ఆటగత్తె కూడా అవుతుంది. లేదా ఈ ఇంట్లోనే కుళ్ళి కుళ్ళి ఏడ్చి, ఆటనే అసహ్యించుకుంటుంది. రెండూ నిజంగానే కనబడుతున్నాయి. ఏది నిజంగా కనబడుతోందో, ఏది తన కోరిక వల్ల కనబడుతోందో విడదీసుకోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

"నా మాట పనికిరాదు రూబెన్" అంది. "బెర్నడీన్ నాకు ఫోన్ చేసింది. తను వెళ్ళిపోతే ఆ చోటు నాకిస్తామంది. రోజూ పొద్దున్నే పరిగెడుతున్నా కూడా. ఉండమన్నా వెళ్ళమన్నా అందులో నా స్వార్థం ఉంటుంది."

రూబెన్ టీ కప్పు పక్కకు జరిపాడు.

"నీకు కావాలా ఆ చోటు?" అడిగాడు రూబెన్.

"కావాలి."

"మా పిల్ల పోవాలని కోరుకున్నావా?"

"కోరుకున్నా. పొమ్మని మాత్రం అనలేదు."

రూబెన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు. కోపం అణుచుకుంటున్నాడో, కన్నీళ్ళో, వెనక నుంచి తెలియలేదు. టార్నీ కిర్రిలీ వైపు తిరిగింది.

"అందుకా నేనడిగితే రైలు టైమయిందని పారిపోయావు?"

"అవును."

"బూట్లు చేత్తో పట్టుకుని గేటు దాకా వెళ్ళడం నేను రోజూ చూస్తూనే ఉన్నా. మోకాలికి ఏదో మొక్కు మొక్కుకున్నావనుకున్నా." నవ్వబోయింది, ఏడుపొచ్చింది. మొహం తుడుచుకుని తండ్రితో, "నేను వస్తున్నా నాన్నా. ఎవరూ పంపడం లేదు. నేనే వస్తున్నా" అంది.

వెళ్ళేటప్పుడు రూబెన్ గుమ్మం దగ్గర ఆగాడు. "నిన్ను తిట్టాలనే ఉందమ్మా" అన్నాడు కిర్రిలీతో. "కానీ మా మొహం మీదే చెప్పావు. అది మర్చిపోను." బాగున్న చెయ్యి చాచాడు. కిర్రిలీ ఆ చెయ్యి పట్టుకుంది.

బెర్నడీన్ మర్నాడే ఫోన్ చేసింది. "ఏం చెప్పావు ఆ పిల్లకి?" అని మొదటి ప్రశ్న. ఉన్నదున్నట్టు చెప్పింది కిర్రిలీ. "సరే, మంగళవారం శిక్షణకి రా" అంది బెర్నడీన్.

టార్నీ తనంతట తానే వెళ్ళిందంటే క్లబ్బులో అందరూ నమ్మలేదు. టార్నీకి దగ్గరైన కుర్రపిల్లలు కొందరు కిర్రిలీ రాగానే మాటలాపేసేవారు. "ఇంట్లో పెట్టుకుని మరీ సాగనంపింది" అని ఒకతె కిర్రిలీ చెవిన పడేలాగే అంది. కిర్రిలీ వంగి బూట్ల లేసులు బిగించుకుంది. చెప్పడానికి ఉన్నదంతా ఆ వంటింట్లోనే చెప్పేసింది. ఇంట్లో టార్నీ ఉండి వెళ్ళిన గది తలుపు మూసి ఉంటే ఒకలాగా, తెరిచి ఉంటే ఒకలాగా బాధగా ఉండేది. కొన్నాళ్ళకు అటు చూడడం మానేసింది.

ఆగస్టు చివర మొదటి ఆట. ఓడిపోయారు. కిర్రిలీ మాత్రం బాగా ఆడింది, ఆఖర్లో మోకాలు వాచినా మైదానం వదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం కాలు బల్ల మీద పెట్టుకుని, ఐసుగడ్డలు కట్టుకుని కూర్చుంటే ఫోన్ మోగింది.

"మూడో క్వార్టర్లో తొందరపడి ఎగిరావు" అంది టార్నీ, పలకరింపు కూడా లేకుండా.

కిర్రిలీ కాలు బల్ల మీంచి దించింది. "అవతలిది నా పాదం తొక్కిందే."

"కాళ్ళు దూరంగా పెట్టుకోవాల్సింది."

"ఇంత తెలిసినదానివి వెళ్ళిపోయావేం?"

అనేశాక నాలుక కరుచుకుంది. కానీ అటువైపు టార్నీ నొచ్చుకున్నట్టు లేదు. నాన్న చెయ్యి మానుతోందని, వించి దగ్గర తనే నిలబడుతున్నానని, ఒళ్ళంతా నాచు కంపని చెప్పింది. స్కూలు మైదానంలో కొందరు ఆడపిల్లల్ని పోగేసి ఆదివారాలు బంతి తన్నిస్తోందట, జట్టు కట్టడానికి ఇంకా చాలరట.

"నిద్ర పడుతోందా?" అడిగింది కిర్రిలీ.

"పడుతోంది. కానీ నిన్న నీ ఆట చూశాక పట్టలేదు."

కిర్రిలీ కరిగిన ఐసుగడ్డలు మార్చుకుంది. ఫోన్ మాత్రం ఎవరూ పెట్టేయలేదు.

సీజను చివర కిర్రిలీ ఎవరూ పిలవకముందే బెర్నడీన్ ఆఫీసుకు వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఇక చాలునని చెప్పింది. బెర్నడీన్ అడ్డు చెప్పలేదు. లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మళ్ళీ పొడగరి కోసం వెతుక్కోవాలి నేను. ద్వీపం పిల్ల ఈసారి డ్రాఫ్టుకి పేరిస్తే తీసుకోమంటావా?" అంది.

"ఇచ్చిందా?"

"ఇంకా లేదు. గడువుంది. నీతో మాట్లాడుతుంటుందిగా, నువ్వొకసారి కదిపి చూడరాదూ?"

ఇప్పుడు తనకు కావాల్సింది ఏమీ లేదు. ఏ మాట చెప్పినా ఎవరూ తప్పుపట్టలేరు. అయినా కిర్రిలీ తల అడ్డంగా ఊపింది.

"తననే అడుగు. నాన్న వింటుండగా కాదు, నేను వింటుండగా కాదు. తనొక్కదాన్నే అడుగు. ఏమంటే అది."

బెర్నడీన్ ఫోన్ తీసి, ద్వీపం నంబరు కోసం వెతకసాగింది. కిర్రిలీ బయటికి వచ్చి, తన వెనక తలుపు మూసేసింది.