ట్రయల్ భోజనం

సూపు మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లిపోయింది. ఇస్తారి ముందు గిన్నె పెట్టినవాడే కాసేపాగి దాన్ని వెనక్కి తీసుకున్నాడు. అందులో స్పూనైనా ముంచలేదు. ఆవిరి మాత్రం ముక్కులోకి వెళ్లింది. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

మస్కట్‌కి కాస్త దూరంలో, సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన హోటలు అది. వచ్చే వారం తెరుస్తారు. భోజనాల హాలుకి కరీబియన్ అని పేరు పెట్టి, గోడల నిండా కొబ్బరిచెట్లు, చిలకలు, నీలాల సముద్రం బొమ్మలు వేయించారు. అద్దాల అవతలే అసలు సముద్రం ఉంది. కానీ దాని ఒడ్డున ఎండా, మిగిలిపోయిన కంకర కుప్పలూ తప్ప ఏమీ లేవు. యజమానులకి గోడమీది సముద్రమే నచ్చింది. ఆ కరీబియన్ ఏ దిక్కున ఉందో హాల్లో కూర్చున్నవాళ్లెవరికీ తెలియదు.

వడ్డించేవాళ్లంతా కొత్తవాళ్లు. వాళ్లకి చేయి తిరగాలంటే కుర్చీల్లో మనుషులుండాలి. డబ్బున్నవాళ్లని పిలిచి పాఠాలు నేర్చుకోలేరు కదా. అందుకని హోటలు కట్టిన కూలీలకే స్నానాలు చేయించి, తెల్ల చొక్కాలు తొడిగి తెచ్చి కూర్చోబెట్టారు. వారానికి ఉన్న ఒక్క శుక్రవారం సెలవు అలా పోయింది. "హోటల్ల దావత్ ఉంది" అని ఫోర్‌మన్ ఖమరుద్దీన్ పొద్దున్నే చాటించడంతో క్యాంపులో ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

తీరా కుర్చీల్లో కూర్చున్నాక అసలు సంగతి బయటపడింది. వండింది తక్కువ. అవే పళ్లాలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి తిరగాలి. కాబట్టి ఎవరూ తినకూడదు.

"పెడ్తె సూడాలె, తీస్తె ఊకోవాలె. వేలు పెట్టిండ్రో, దొర నన్ను కూడ ఇడువడు. సమజైందా?" అన్నాడు ఖమరుద్దీన్. హైదరాబాదు మనిషి. చెడ్డవాడని చెప్పలేం. మంచితనం చూపించే తీరికా ధైర్యమూ లేనివాడు, అంతే. దొర అంటే వడ్డన నేర్పడానికి వచ్చిన ఇంగ్లీషాయన. చేతిలో గడియారం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఇస్తారి ఆ హాలుకి పాలరాయి పరిచినవాడు. అతని పక్కన కూర్చున్న పోచన్న సిమెంటు బస్తాలు మోసినవాడు. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు, పోచన్న ఇస్తారికి వరసకి బాబాయి అవుతాడు. నాలుగు రోజులు జ్వరంతో పడుకుని నిన్ననే లేచాడు పోచన్న. మాత్ర వేసుకోవాలంటే ముందు అన్నం తినాలని డిస్పెన్సరీలో చెప్పారు. హోటలు భోజనం ఉందిగదా అని పొద్దుట్నుంచీ ఉత్త చాయతో ఉన్నాడు.

"గట్ల వణుకుతున్నవేందే కాకా?"

"ఈ ఏసీ గాలి పడ్తలేదు బిడ్డా. కడుపుల ఇంత పడ్తె ఆగుతుండె."

ఇస్తారి చేయెత్తి ఖమరుద్దీన్‌ని పిలిచాడు. "సాబ్, కాక జరమొచ్చి లేసిండు. ఒక రొట్టె ముక్క ఇప్పియ్యుండ్రి."

ఖమరుద్దీన్ వంగి, గొంతు తగ్గించాడు. "పిచ్చోడా, జరమని దొర చెవుల పడ్తె కంపెనీకి చెప్తడు. బీమార్ మనిషని ముందు ఆయన్నే కాన్సల్ కొట్టి ఇమానం ఎక్కిస్తరు. గది కావాల్నా నీకు?"

"ఇది అయ్యేసరికి మాపు అయితది సాబ్."

"కానియ్. పాస్‌పోర్ట్‌లు కంపెనీ బీరువల ఉన్నయి. గది యాదికుంచుకో."

కాన్సల్ అంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపెయ్యడమని ఇస్తారికి ఒకరు చెప్పనక్కర్లేదు. బొంబాయి ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు ఇద్దరికీ ఇంకా తీరలేదు. ఎత్తిన చేయి దించి ఒళ్లో పెట్టుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సూపు తర్వాత చేప వచ్చింది. అన్నం మీద నిండు చేప, పక్కన అనాస ముక్కలు. ఇప్పటికే అన్ని బల్లలూ తిరిగి వచ్చిందేమో, తోక దగ్గర విరిగి ఉంది. తెచ్చినవాడు భీమవరం కుర్రాడు ప్రేమచంద్. ఇక్కడే నర్సుగా పనిచేసే అక్క రప్పించింది. పళ్లెం పెడుతూ, పెదవులు కదలకుండా మాట్లాడటం అప్పుడే నేర్చేసుకున్నాడు.

"దీని ధర నాలుగు రియాళ్లంటన్నా."

ఇస్తారి రోజు కూలి ఒకటిన్నర. లెక్క వేయడానికి కూడా అతనికి ఓపిక లేదు.

"కొంచెం సేపు నిటారుగా కూకోండన్నా. ఇయ్యాల నేను తప్పు చేత్తే అంట్లకాడికి పంపేత్తానన్నాడు దొర" అని ప్రేమచంద్ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

పోచన్న నిటారుగా కూర్చోలేకపోయాడు. తల మెల్లగా వాలిపోతోంది. బల్లకి తగలబోతుంటే ఇస్తారి భుజం పట్టి ఆపాడు. చొక్కా లోంచి ఒళ్లు కాలుతోంది. గుమ్మం దగ్గర దొర గడియారం చూసి వేలు ఊపాడు. ప్రేమచంద్ పళ్లెం తీయడానికి కదిలాడు.

అప్పుడు ఇస్తారి తన పళ్లెంలో చేయి పెట్టాడు. చేప విరిచి, అన్నంలో కలిపి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగాడు. ఖమరుద్దీన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం జేసినవ్‌రా?"

"ఎంగిలి జేసిన సాబ్. ఇగ ఇది ఇంకో బల్లకు పోదు." ఇస్తారి పళ్లేన్ని పోచన్న ముందుకి జరిపాడు. "ఎంగిలి జేసింది నేను. కాన్సల్ కొడ్తె నాకే కొట్టుండ్రి. కాక పేరు తియ్యకుండ్రి."

"బిడ్డా, వద్దు" అన్నాడు పోచన్న. అంటూనే అతని చేయి పళ్లెంలోకి వెళ్లింది. ఆకలి అతన్ని అడగలేదు.

దొర వచ్చి నిలబడ్డాడు. ఇస్తారిని చూడలేదు, పోచన్నని చూడలేదు. ప్రేమచంద్‌తో పళ్లెం తీసెయ్యమన్నాడు. కుర్రాడు వంగి చేతులు చాచాడు. పోచన్న తలెత్తకుండా, గబగబా తింటున్నాడు. గడ్డం మీద మెతుకులు అంటుకున్నాయి. అన్నం తినే మనిషి ముందునుంచి కంచం లాగెయ్యడం ప్రేమచంద్‌కి చేతకాలేదు. అక్క గుర్తొచ్చింది, అంట్ల గది గుర్తొచ్చింది. అయినా చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకా తింటున్నారు సార్" అన్నాడు.

దొర అదే మాట ఇంకోసారి గట్టిగా చెప్పాడు. ప్రేమచంద్ కదల్లేదు. అవతలి బల్ల దగ్గర ఎవరో తన పళ్లేన్ని దగ్గరికి లాక్కున్నాడు.