మూటల వదిన

మా ఆయన అక్కకు మూటల వదిన అని పేరు పెట్టింది నేనే. రెండు రోజుల కోసం వచ్చినా మూటాముల్లె సర్దుకునే వస్తుంది, దిండుతో సహా. మా ఇంట్లో దిండ్లకు కరువా అని దెప్పితే ఒకటే జవాబు: “దిండు దొరుకుతుందమ్మా. ఇది దొరకదు.”

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఊపిరి ఆగే ప్రమాదాన్ని ముందే పసిగట్టే ప్రోగ్రామ్ మీద నా పరిశోధన. వదిన కంప్యూటర్ల మనిషి కాబట్టి సాయం పట్టింది. పని పూర్తయ్యాక అక్కడా మూటే కట్టింది. ప్రోగ్రామ్‌తోపాటు అది నడవడానికి వాడిన చిల్లర సాఫ్ట్‌వేర్లన్నిటినీ, అవే వెర్షన్లు, అవే సెట్టింగులతో ఒక్క కంటైనర్‌లో, అంటే ఒక కంప్యూటర్ మూటలో పెట్టి, ఎవరైనా దించుకునేలా మా సంస్థ సర్వర్లో ఉంచింది. వంట నేర్పమంటే పొయ్యీ గిన్నెలూ ఇచ్చి పంపినట్టుందని నవ్వాను.

వ్యాసం అచ్చయిన కొన్నాళ్లకు వేరే ఊరి ఆసుపత్రి నుంచి ఒక పిల్లల డాక్టరు ఆ పత్రికకు రాసింది. వ్యాసంతోపాటు నేనిచ్చిన పిల్లల ఊపిరి కొలతల మీదే నా ప్రోగ్రామ్ నడిపితే సగం ప్రమాదాలు కూడా పట్టలేదట. వివరణ ఇవ్వండి, లేదంటే వ్యాసం వెనక్కి తీసుకోండి అంది పత్రిక. నా కొత్త కంప్యూటర్లో నడిపి చూశాను. నాకూ అంతే. ఇన్నేళ్ల కష్టం అబద్ధమేమోనని నాకే అనుమానం వచ్చింది.

వదినకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. ఆవిడ తాపీగా, “నేను కట్టిన మూట విప్పారా?” అని అడిగింది. ఎవరూ విప్పలేదు. డాక్టరూ నేనూ ప్రోగ్రామ్ ఒక్కటే తీసుకుని మిగతావన్నీ కొత్తవి వేసుకున్నాం.

మర్నాడు డాక్టరు ఆ కంటైనర్ తెరిచి నడిపింది. నా వ్యాసంలోని అంకెలే వచ్చాయి, చివరి దశాంశం దాకా. తర్వాత వదిన అందులోని సాఫ్ట్‌వేర్లను ఒక్కొక్కటే కొత్తదానితో మార్చి చూసి దొంగను పట్టింది. ఒకదాని కొత్త వెర్షన్ కొలతల మధ్య ఖాళీలను సగటుతో నింపేస్తోంది. ఊపిరి తడబడిన క్షణాలు మా కొలతల్లో ఖాళీలుగానే ఉంటాయి మరి. అవి పూడిపోతే ప్రమాదం జాడే మాయం.

వ్యాసం నిలిచింది. డాక్టరు తన వార్డులో ఆ ప్రోగ్రామ్‌ను పరీక్షిస్తానంది. వదిన నా నెత్తిన పాలు పోసింది.

సెలవులకు ఆవిడ వస్తుంటే గేటు దాకా ఎదురెళ్లి, చంకలోని దిండు అందుకున్నాను. నీకెందుకు శ్రమ, మీ దిండ్లతోనే సర్దుకుంటాలే అంది, నన్ను ఆటపట్టిస్తూ.

“వద్దు వదినా,” అన్నాను. “ఇది మా ఇంట్లో దొరకదు.”