వద్దు కార్డు

ఆల్చిప్పలు ఒలిచే పాక నుంచి మధ్యాహ్నమే లేచి, రబ్బరు బూట్లతోనే తొకుజి బడికి వెళ్లాడు. పొద్దున కూతురి మణికట్టు మీద పళ్ల గాట్లకు మందు రాస్తూ, దాని మెడలోని కార్డుల గుత్తి తిరగేశాడు. ఒకటి తక్కువ.

నజునాకి పద్నాలుగేళ్లు. ఆటిజం. నోటివెంట మాట రాదు. నీళ్లు, నాన్న, ఇంటికి, ఏది కావాలంటే ఆ బొమ్మ తీసి చేతిలో పెడుతుంది. తల్లి ఇసోకో ఆస్పత్రి మంచం మీద కూర్చుని ఆ అట్టలు కత్తిరించింది. "ఇది మా పిల్ల నోరు. మీ చేతుల్లో పెడుతున్నా," అని టీచరుకి అప్పజెప్పి పోయింది. వాటిలో బాగా నలిగింది, ఎర్రగా అడ్డగీతలు కొట్టిన 'వద్దు'. లేనిది అదే.

"నజునా నాన్నగారూ, బూట్లు విప్పి లోపలికి రండి," అంది షియోజాకి టీచరు గుమ్మంలో వంగి.

"ఇక్కడే చెప్పండి. వద్దు కార్డు ఏది?"

"తీసి దాచామండి. లెక్కలకీ అదే ఇచ్చేది, పాటలకీ అదే. రోజుకి నలభై సార్లు. క్లాసు నడవద్దూ?"

"అది ఇస్తే మీరు ఆపాలి."

"అన్నిటికీ ఆపితే ఇక నేర్పేదేముంటుందండీ?"

"ఎందుకు వద్దంటోందో మీరు నేర్చుకోవచ్చుగా. కార్డు పోయింది, పిల్ల కొరుక్కుంటోంది. ఇంత చదివారు, ఈ ముక్క చిప్పలొలిచేవాడు చెప్పాలా?"

ఆమె లోపలికి వెళ్లి, బడికీ ఇంటికీ రోజూ తిరిగే పుస్తకం తెచ్చి తెరిచింది. టీచరు రాయాలి, ఇంటివాళ్లు చదివి సంతకానికి బదులు ఇంటిపేరు ముద్ర వేయాలి.

"మే పద్దెనిమిది. చూడండి."

'రేపటి నుంచి వద్దు కార్డు పక్కన పెడదామనుకుంటున్నాం. అభ్యంతరమైతే తెలియజేయండి.' కింద గుండ్రంగా, ఎర్రగా అతని ఇంటిపేరు.

ఇసోకో ఉన్నప్పుడు పేజీ నిండా జవాబు రాసేది. ఆమె పోయాక అతను ఒక్కరోజూ చదవలేదు. ముద్ర గుద్ది సంచిలో పడేసేవాడు. రెండు నెలలుగా పిల్ల దేనికీ మొండికేయకపోతే, పెద్దదైందనుకున్నాడు.

"మీరు ఒప్పుకున్నారనే అనుకున్నామండీ," అంది టీచరు.

ఆమెను అతను క్షమించలేదు. ముద్ర వేసిన తన చేతినీ క్షమించలేదు. కార్డు తీసుకుని, పిల్లను వెంటబెట్టుకుని వచ్చేశాడు.

ఇంట్లో కార్డు మళ్లీ గుత్తికి కట్టాడు. వంకాయ ఉడికించి ముందు పెట్టాడు. వంకాయంటే చిన్నప్పటి నుంచీ దానికి వాంతి.

"వద్దంటే కార్డివ్వు తల్లీ. తీసేస్తాను. ఒట్టు."

నజునా కార్డు వైపు చూసింది. అన్నం తినే పుల్లలు అందుకుంది. ఒక ముక్క మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో ముక్క.

తొకుజి దాని చెయ్యి పట్టుకుని కార్డు ఇప్పించబోయి ఆగిపోయాడు. అలా ఇప్పిస్తే ఆ మాట తనదే అవుతుంది, పిల్లది కాదు.

గిన్నె అతనే తీసేశాడు. తర్వాత ఏది పెడితే అది తినడానికి, నజునా పుల్లలు పట్టుకుని కూర్చునే ఉంది.